భూమి కింద ఏముందో పైనుంచే ఎలా చెప్తారు? సర్వే చేస్తే గని వచ్చేసినట్టేనా? ఈ 4 దశలు తెలుసుకోండి!

పొలం గట్టు వెంట వైర్లు పరుస్తారు.. ఇనుప కడ్డీలు పాతుతారు.. లేదంటే కింద పెద్ద రింగ్ వేలాడదీసుకుని ఓ హెలికాప్టర్ ఊరి మీదుగా తక్కువ ఎత్తులో వెళ్తుంది. అంతే! "మన భూములు పోతున్నాయట" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు మొదలవుతాయి. అసలు ఈ సర్వేలు ఏంటి? ఎవరు చేస్తారు? ఏ దశలో భయపడాలి, ఏ దశలో అక్కర్లేదు? పూర్తి వివరాలు చూద్దాం.

తొండుపల్లి కింద బొగ్గు ఉంటుందా?

ఉండదు. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్, తొండుపల్లి, మహేశ్వరం.. ఈ చుట్టుపక్కల అంతా గ్రానైట్ నేల. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట కరిగిన రాయి గట్టిపడి ఏర్పడింది. బొగ్గు, చమురు, గ్యాస్ మాత్రం మట్టి, ఇసుక, చెట్ల అవశేషాలు పొరలు పొరలుగా పేరుకున్న చోటే పుడతాయి. అందుకే గోదావరి లోయలో బొగ్గు, కృష్ణా-గోదావరి డెల్టాలో గ్యాస్ దొరుకుతాయి కానీ శంషాబాద్‌లో దొరకవు. ఏ సర్వే అయినా ముందు మొదలయ్యేది ఇక్కడే. అక్కడి రాయి ఏంటి, దాని వయసెంత అన్నదే మొదటి ప్రశ్న.

అయితే తొండుపల్లి వైపు రైతులకు సర్వే కొత్తేం కాదు. బోరు వేసే ముందు 4 కడ్డీలు పాతి, కరెంట్ పంపి, మీటర్ చూసి "ఇక్కడ వేయండి" అని చెప్పేది కూడా జియోఫిజికల్ సర్వేనే. గ్రానైట్‌లో పైన గుల్లబారిన రాయి, దాని కింద పగుళ్లు ఉంటాయి. నీళ్లు ఉండేది వాటిలోనే. నీళ్లున్న చోట కరెంట్ తేలిగ్గా పోతుంది, గట్టి రాయిలో పోదు. ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు పక్కనే ఉన్న మహేశ్వరం ప్రాంతంలో ఏళ్ల తరబడి భూగర్భ జలాలపై అధ్యయనం చేశారు. ఖనిజాల వేటలోనూ వాడేది ఇదే సూత్రం.

ఏ పరికరం ఏం చెప్తుంది?

• కరెంట్ సర్వే: రాగి, సీసం లాంటి లోహాల సల్ఫైడ్ ఖనిజాలు, గ్రాఫైట్ ఉంటే కరెంట్ తేలిగ్గా ప్రవహిస్తుంది. హెలికాప్టర్ కింద వేలాడే రింగ్ కూడా గాల్లోంచి చేసేది ఇలాంటి పనే.

• అయస్కాంత సర్వే: ఒంగోలు ప్రాంతంలో ఉన్న మాగ్నటైట్ ఇనుప ఖనిజం లాంటివి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిగా మారుస్తాయి. ఆ తేడాను మీటర్ పట్టేస్తుంది.

• గ్రావిటీ సర్వే: కింద బరువైన రాయి ఉంటే గురుత్వాకర్షణ కాస్త ఎక్కువ, తేలికైన పొరలు ఉంటే తక్కువ. మనకు తెలియనంత చిన్న తేడా ఇది.

• రేడియోమెట్రిక్ సర్వే: యురేనియం, థోరియం, పొటాషియం నుంచి సహజంగా వచ్చే గామా కిరణాలను లెక్కిస్తుంది. గుర్తుంచుకోండి.. ఈ పరికరం రేడియేషన్‌ను వదలదు, అందుకుంటుంది అంతే. అది కూడా పైపొర నుంచే!

• సైస్మిక్ సర్వే: చమురు, గ్యాస్ కోసం. చిన్న బోరులో మందు పేల్చి గానీ, వైబ్రేటర్ ట్రక్కుతో గానీ భూమిని కంపింపజేస్తారు. లోపలి పొరలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని జియోఫోన్లతో రికార్డ్ చేస్తారు.

వీటిలో ఏదీ "ఇక్కడ ఖనిజం ఉంది" అని తేల్చి చెప్పదు. "ఇక్కడ తేడాగా ఉంది, చూడండి" అంటుంది. తేల్చేది డ్రిల్లింగే.

4 దశలు ఇవే

మన దేశంలో ఖనిజాన్వేషణను జీ4 నుంచి జీ1 వరకు లెక్కిస్తారు. నంబర్ తగ్గేకొద్దీ గని దగ్గరవుతున్నట్టు.

• జీ4: మ్యాపింగ్, వాగుల్లో మట్టి నమూనాలు, విమానాలతో, పరికరాలతో సర్వే.
• జీ3: కందకాలు, గుంతలు, అక్కడక్కడ దూరం దూరంగా బోర్లు.
• జీ2: బోర్లు పెరుగుతాయి. ఖనిజం ఎంత ఉందో అంచనా వేస్తారు.
• జీ1: దగ్గర దగ్గరగా బోర్లు. పరిమాణం, నాణ్యత పక్కాగా లెక్కిస్తారు.

ఇక్కడో ముఖ్యమైన విషయం ఉంది. 2021 సవరణల తర్వాత జీ4 ఆధారాలతోనే కాంపోజిట్ లైసెన్స్ వేలం వేసే వీలుంది. అంటే మిగతా అన్వేషణ, ఆ తర్వాత తవ్వకం.. రెండింటికీ ఒకే లైసెన్స్. కాబట్టి "ఇంకా మొదటి దశే కదా" అని పట్టించుకోకుండా ఉండలేం.

దొరికాక ఎన్నేళ్లు పడుతుంది?

సింగరేణినే తీసుకోండి. జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించింది 1871లో. తవ్వకం మొదలైంది 1889లో. అంటే 18 ఏళ్లు! అక్కడి ఓ బొగ్గు పొరకు ఇప్పటికీ 'కింగ్ సీమ్' అనే పేరుంది. కేజీ బేసిన్ డీ6లో గ్యాస్ బయటపడింది 2002లో, ఉత్పత్తి మొదలైంది 2009 ఏప్రిల్‌లో. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడి నీళ్లు ఉబికి వస్తుంటే, ఆ వేడితో కరెంట్ తీసేందుకు సింగరేణి 20 కిలోవాట్ల పైలట్ ప్లాంట్ పెట్టింది.

మరి నల్లమలలో గొడవ ఎందుకైంది?

అది వైర్లు పరిచే సర్వే కాదు కాబట్టి! అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్ల పరిధిలో యురేనియం అన్వేషణ ప్రతిపాదనకు 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఓకే చెప్పింది. అందులో దాదాపు 4,000 బోర్ల ప్రస్తావన ఉంది. బోరు అంటే రిగ్గు, రిగ్గు వెళ్లాలంటే దారి, దారి అంటే చెట్లు. పైగా అది చెంచుల అడవి, పక్కనే కృష్ణా నది. 'సేవ్ నల్లమల' ఉద్యమం ఊపందుకుంది. ఆ ఏడాది సెప్టెంబర్ 16న తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

డ్రిల్లింగ్ రిస్క్ ఏంటో కోనసీమకు బాగా తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో బ్లోఅవుట్ జరిగితే మంటలు ఆర్పడానికి 65 రోజులు పట్టింది. అయితే గనులు కూడా అందరికీ అవసరమే. ఫోన్ బ్యాటరీకి లిథియం, ఈవీ మోటార్‌కు రేర్ ఎర్త్స్ కావాలి. 2023లో ఎన్‌జీఆర్ఐ అనంతపురం జిల్లా రాళ్లలో రేర్ ఎర్త్ మూలకాలను గుర్తించింది. వెతకొద్దు అనలేం. ఎక్కడ, ఎలా, ఎవరిని అడిగి అన్నదే అసలు ప్రశ్న.

మీ ఊళ్లో సర్వే జరిగితే ఏం అడగాలి?

1. ఏ సంస్థ? జీఎస్ఐ, బేగంపేటలోని అణు ఖనిజాల సంస్థ ఏఎండీ, సింగరేణి, ఓఎన్‌జీసీ.. లేదా ప్రైవేటు కంపెనీయా? ఐడీ కార్డు, అనుమతి కాపీ చూపించమనండి.
2. ఏ ఖనిజం కోసం? ఏ దశ? జీ4నా, జీ2నా?
3. బోర్లు వేస్తారా? ఎన్ని, ఎంత లోతు? పని అయ్యాక పూడుస్తారా?
4. పంటకు, భూమికి నష్టం జరిగితే? గనుల చట్టం 1957లోని సెక్షన్ 24ఏ ప్రకారం ప్రాస్పెక్టింగ్ లైసెన్స్ లేదా లీజు ఉన్నవాళ్లు పరిహారం ఇవ్వాలి.
5. అటవీ భూమా? 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించాక, కేంద్రం పెట్టే షరతులకు లోబడి అన్వేషణ సర్వేలకు వెసులుబాటు ఇవ్వొచ్చు. ఆ షరతులేంటో అడగండి.

జవాబులు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి. వైర్లు పరిస్తే కంగారు పడక్కర్లేదు. రిగ్గు వస్తే మాత్రం ఊరంతా కలిసి కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.