ఇల్లు ఎట్ల కట్టాల్నో చెప్పే చట్టానికి ధర ఎందుకు?

సివిల్ డిప్లొమా, బీటెక్ చదివే పోరగాండ్ల ఫోన్లల్ల ఒక ఫైలు ఖాయంగ ఉంటది. ఐఎస్ 456. సిమెంటు కాంక్రీటుతోని స్లాబు, పిల్లరు, బీము ఎట్ల కట్టాల్నో చెప్పే భారతీయ ప్రమాణం అది. సీనియర్ పంపితే వచ్చింది, ఆయనకు ఇంకో సీనియర్ పంపిండు. దాని వెంబడి ఐఎస్ 800, ఐఎస్ 1893, ఎస్‌పీ 16, ఇంకో నాలుగు పుస్తకాల స్కాన్లు. కాపీరైటు ఉన్నయి గదా, గిట్ల పంచుకునుడు తప్పా అని అడిగితే ఒక్క మాటల జవాబు చెప్పలేం. ఫోన్ల ఉన్నవన్నీ ఒక్క తీరు కాయితాలు కావు.

ముందు పుస్తకాల ముచ్చట. ఒక ప్రొఫెసర్ ఏండ్ల తరబడి పాఠం చెప్పి, లెక్కలు కట్టి, బొమ్మలు గీసి రాసిన పుస్తకం ఆయన కష్టం. 1957 కాపీరైటు చట్టం సొంత చదువుకు, పరిశోధనకు కొంత సదుపాయం ఇచ్చింది. ఢిల్లీ యూనివర్సిటీ కాడి జిరాక్స్ దుకాణం మీద పెద్ద పెద్ద పబ్లిషర్లు వేసిన కేసుల 2016ల ఢిల్లీ హైకోర్టు పిల్లల దిక్కే నిలవడ్డది. కానీ అది క్లాసు చదువు కోసం చేసిన కాపీల మీద తీర్పు. మొత్తం పుస్తకం స్కాన్ చేసి వేల మంది ఉన్న గ్రూపుల పడేస్తే ఆ తీర్పు కాపాడదు. పైసలు లేనోడు చదువుకోవద్దా అంటే చదువుకోవాలె. కాలేజీ లైబ్రరీల కాపీలు పెట్టమని కొట్లాడాలె, పాత పుస్తకాలు చేతులు మారాలె.

ఐఎస్ కోడ్ల సంగతి వేరే. వీటిని తయారు చేసేది భారతీయ ప్రమాణాల బ్యూరో, అంటే ఐఎస్ఐ మార్కు ఇచ్చే సర్కారు సంస్థ. కమిటీలల్ల కూసునేది ప్రొఫెసర్లు, సర్కారు ఇంజినీర్లు, కంపెనీల మనుషులు. అట్ల తయారైన కోడును ప్రభుత్వం ఒక జీవోల పెట్టి, గిట్లనే కట్టాలె అంటే, అది చట్టమే అయితది. ఉమ్మడి రాష్ట్రంల 2012ల వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు, జీవో 168, జాతీయ భవన నిర్మాణ కోడును పాటించాలని చెప్తది. మరి ఆ కోడు ఎంతకు దొరికేది? 2005 నాటి కోడుకు 13,760 రూపాయలు. పల్లెల ఇండ్ల ప్లాన్లు గీసే ఇంజినీరు, పాలిటెక్నిక్ పిలగాడు అంత పెట్టి కొంటడా? చట్టం తెల్వదంటే కోర్టు ఒప్పుకోదు, తెలుసుకుందమంటే పైసలు కట్టమంటరు.

ఈ ప్రశ్ననే కార్ల్ మాలమూద్ అనే అమెరికా ఆయన లేవనెత్తిండు. పబ్లిక్ రిసోర్స్ అనే సంస్థ ఆయనది. భారతీయ ప్రమాణాలు పైసలు పెట్టి కొని, దాదాపు 19,000 కోడ్లు ఇంటర్నెట్ల పెట్టిండు. మీ ఫోన్ల ఉన్న ఐఎస్ 456 తెరిచి మొదటి పేజీ చూడుండ్రి. సమాచార హక్కు చట్టం ముచ్చట, నెహ్రూ మాట, భర్తృహరి మాట, రాజస్థాన్ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ నినాదం కనవడితే అది ఆయన పెట్టిన కాపీనే. చానా మంది ఆ పేజీని బ్యూరో ముఖచిత్రం అనుకుంటరు. కాదు. అది ఒక పంచాయితీల ఒక పక్షం అంటించిన పోస్టరు.

బ్యూరోకు ఇది నచ్చలే. 2014ల ఆయన చందా రెన్యువల్ ఆపేసిండ్రు. 2015ల మాలమూద్, ఇండియన్ కానూన్ వెబ్‌సైటు పెట్టిన సుశాంత్ సిన్హా, రవాణా ఇంజినీరింగ్ చదువుకున్న మన తెలుగాయన శ్రీనివాస్ కొడాలి కలిసి ఢిల్లీ హైకోర్టుకు పోయిండ్రు. వాళ్ల వాదన సీదా ఉంటది: ప్రజల ప్రాణాలు కాపాడే నియమాలు ప్రజలకు ఫ్రీగ దొరకాలె. బ్యూరో దిక్కు నుంచి చూస్తే కోడు తయారీకి ఖర్చు అయితది, కాపీరైటు తనదే. కానీ బ్యూరోకు అసలు రాబడి మార్కు లైసెన్సుల ఫీజుల కెళ్లి వస్తది, కోడు పుస్తకాలు అమ్ముడు అందుల చిన్న ముక్క. గందుకే ఆ వాదనకు బలం తక్కువ అని నాకనిపిస్తది.

అమెరికాల ఈ పంచాయితీ ఇంకా గట్టిది. అక్కడ కోడ్లు రాసేది సర్కారు గాదు, ప్రైవేటు సంస్థలు. కోడ్లు అమ్ముకొనుడు వాళ్ల బతుకుదెరువుల పెద్ద భాగం. అయినా 2023ల వాషింగ్టన్ల అప్పీలు కోర్టు, చట్టంల భాగమైన ప్రమాణాలను లాభం చూసుకోకుంట జనం కోసం పెడితే తప్పు గాదన్నది. 2024 మార్చిల యూరప్ కోర్టు సుత ఆట బొమ్మల భద్రతా ప్రమాణాల కేసుల, ఇవి జనం చూడాల్సినవే అని చెప్పింది.

మన దగ్గర గాలి మారింది. బ్యూరో సొంతంగ తయారు చేసిన ప్రమాణాలను ఇప్పుడు తన వెబ్‌సైట్ల పేరు, మెయిలు ఇచ్చి ఖాతా తెరిస్తే ఫ్రీగ దించుకోవచ్చు. ఐఎస్ఓ, ఐఈసీ కెళ్లి ఉన్నదున్నట్టు తీసుకున్నవాటికి మాత్రం పైసలు కట్టాలె. చానా మందికి ఈ ముచ్చటనే తెల్వదు, ఇంకా గ్రూపులల్ల "కోడు పంపన్నా" అని అడుక్కుంటున్నరు. ఒక హెచ్చరిక: అట్ల దించుకున్న పీడీఎఫ్ మీద ప్రతి పేజీల మీ పేరు, మెయిలు అచ్చయి ఉంటది. దాన్ని గ్రూపుల పెడితే మీ వివరాలు సుత ఊరంత తిరుగుతయి. 2016 నాటి బ్యూరో చట్టం సొంతానికి కాపీ చేసుకునుడును ఆపదు, కానీ అనుమతి లేకుంట అచ్చేసుడు, పంచిపెట్టుడు ఒప్పుకోదు. లింకు పంపుండ్రి, ఫైలు వద్దు.

ఇంతకన్న పెద్ద భయం ఇంకోటుంది. గ్రూపులల్ల తిరిగే ఫైలు ఏ ఏడుదో ఎవ్వడు చూడడు. 1978 నాటి ఐఎస్ 456 ప్రకారం సలాకలు వేసే కాంక్రీటుకు ఎం15 సరిపోయేది. 2000ల దాన్ని కనీసం ఎం20 చేసిండ్రు. పాత స్కాన్ చూసి స్లాబు పోస్తే కోడు ప్రకారమే పోసినట్టు కాయితం మీద ఉంటది, బలం మాత్రం తక్కువ. భూకంపాల కోడు ఐఎస్ 1893 ఇంకా గట్టి ఉదాహరణ. మన పక్కనే ఉన్న లాతూర్ జిల్లా కిల్లారి, పాత మ్యాపుల అన్నిటికన్న తక్కువ ప్రమాదం ఉన్న ఒకటో జోన్ల ఉండె. 1993 సెప్టెంబర్ 30న తెల్లారకముందే భూమి కదిలి వేల మంది ఇండ్ల కిందనే పోయిండ్రు. 2002ల ఆ ఒకటో జోన్‌నే తీసేసిండ్రు. పాత ఫైలు పట్టుకుని డిజైన్ చేసేటోడు ఆ లేని జోన్ల ఇల్లు కడుతున్నట్టే. కోడు నంబరు పక్కన ఏడు చూడుండ్రి, తర్వాత వచ్చిన సవరణ కాయితాలు ఉన్నయా చూడుండ్రి. స్కాన్లల్ల అవి తరచుగ ఉండయి.

ఇదంత ఇంజినీర్ల దాకనే. పల్లెల చానా ఇండ్లు కట్టేది మేస్త్రి. ఐఎస్ 456ల ఆయనకు పనికొచ్చే ముచ్చట్లు బోలెడు. ఓపీసీ సిమెంటు అయితే కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి కలిపిన సిమెంటు అయితే కనీసం 10 రోజులు తడి ఆరకుంట నీళ్లు కొట్టాలె. ఎండ దంచే వాతావరణంల ఏ సిమెంటయినా 10 రోజులకు తగ్గొద్దు. పునాది సలాకల చుట్టూ కనీసం 50 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలె. ఈ మూడు మాటలు నాలుగు రోజులు నీళ్లు కొట్టి ఆపేసే ఇంటి యజమానికి ఎవరు చెప్పాలె? కోడేమో ఇంగ్లీషుల ఉంటది. దాన్ని మొత్తం తెలుగుల తర్జుమా చేసి అచ్చేయాలంటే బ్యూరో అనుమతి గావాలె. బ్యూరోనే ఆ పని చేయాలని అడగొచ్చు. అందాక, అందులున్న నియమాన్ని సొంత మాటలల్ల వివరించుడుకు కాపీరైటు అడ్డం రాదు. మీ ఊర్ల స్లాబు పోస్తున్న కాడికి పోయి, సిమెంటు బస్తా మీద ఓపీసీ ఉన్నదా పీపీసీ ఉన్నదా చూసి, ఎన్ని రోజులు నీళ్లు కొట్టాల్నో చెప్పుడుకు ఏ పీడీఎఫ్ అక్కర్లేదు.