అలల అదురు: సూక్ష్మకంపనాల చరిత్ర

భూకంపం రాని రోజున కూడా నేల పూర్తిగా నిశ్చలంగా ఉండదు. గాలికి సముద్రంలో లేచే అలలు భూమి పైపొరను ఎడతెరిపి లేకుండా కదిలిస్తూనే ఉంటాయి. ఈ కదలికను మైక్రాన్లలో కొలవాలి; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇది మనిషికి తెలియదు, కట్టడాలకు హాని చేయదు. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలోని భూకంపలేఖినులు కూడా దీన్ని నమోదు చేస్తాయి. సూక్ష్మకంపనాలు, లేదా మైక్రోసీజమ్‌లు అని పిలిచే వీటికి సరైన కారణం దొరకడానికి సుమారు ఎనభై ఏళ్లు పట్టింది.

1870 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో తిమోతియో బెర్తెల్లి అనే క్రైస్తవ మతగురువు వీటిని క్రమపద్ధతిలో గమనించడం మొదలుపెట్టాడు. వేలాడే లోలకాన్ని సూక్ష్మదర్శినిలోంచి చూస్తూ, అది ఎంత పక్కకు జరుగుతోందో ఏళ్ల తరబడి రాసిపెట్టాడు. ఈ అదురు చలికాలంలో ఎక్కువగా ఉంటుందనీ, బారోమీటరు రీడింగు పడిపోయినప్పుడు పెరుగుతుందనీ ఆ లెక్కల్లో తేలింది. వాతావరణానికీ నేల కదలికకూ సంబంధం ఉందని దీనితో తెలిసింది. అది ఎలాంటి సంబంధమో మాత్రం తెలియలేదు.

1904లో జర్మనీలోని గోటింగెన్‌లో ఎమిల్ వీకెర్ట్ ఒక కారణం సూచించాడు. నిటారైన తీరాలకు అలలు కొట్టుకున్నప్పుడు ఆ దెబ్బకు నేల అదురుతుందని ఆయన వాదన. ఆయన శిష్యుడు బెనో గూటెన్‌బర్గ్ నార్వే తీరంలోని అలలను గోటింగెన్ రికార్డులతో పోల్చి ఈ వాదనకు బలం చేకూర్చాడు. చాలాకాలం ఐరోపాలో దీనిదే పైచేయి.

దీన్ని గట్టిగా ప్రశ్నించిన పరిశీలన బొంబాయిలో జరిగింది. అక్కడి కొలాబా అబ్జర్వేటరీలో మిల్న్-షా భూకంపలేఖిని ఉండేది. తిరిగే డ్రమ్ముకు చుట్టిన ఫొటో కాగితం మీద సన్నని వెలుగుచుక్క గీత గీస్తూ పోతుంది. నేల అదిరితే ఆ గీత అలలు అలలుగా వంకర పోతుంది. నైరుతి రుతుపవనాలు ఊపందుకున్నప్పుడు, అరేబియా సముద్రంలోనో బంగాళాఖాతంలోనో తుపాను పుట్టినప్పుడు కాగితం మీద ఈ వంకరలు పెద్దవి కావడం సుధాంశు కుమార్ బెనర్జీ గమనించాడు. తుపాను ఇంకా నడిసముద్రంలో ఉండగానే, దాని అలలు తీరాన్ని తాకకముందే, అదురు మొదలవుతోంది. అలాంటప్పుడు తీరానికి తగిలే దెబ్బ ఒక్కటే కారణం కాజాలదు. 1930లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చైన వ్యాసంలో బెనర్జీ ఈ సంగతులు వివరించాడు. తర్వాతి కాలంలో భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన తొలి భారతీయుడు ఆయనే.

అయితే నడిసముద్రపు అల అడుగునున్న నేలను ఎలా కదిలిస్తుంది? అప్పటి సిద్ధాంతం దీనికి అడ్డు పడింది. ముందుకు సాగే అల ఒత్తిడి లోతుకు వెళ్లేకొద్దీ వేగంగా తరిగిపోతుంది. పది సెకన్లకొకసారి వచ్చే అల పొడవు లోతైన నీటిలో సుమారు 156 మీటర్లు. అందులో సగం లోతుకు వెళ్లేసరికి దాని ఒత్తిడి నాలుగు శాతానికి పడిపోతుంది. వేల మీటర్ల అడుగున దాని జాడే ఉండదు. బెనర్జీ ప్రతిపాదించిన లెక్కలు కూడా ఈ చిక్కును పూర్తిగా విప్పలేకపోయాయి.

చిక్కు విప్పే సూచన 1947లో ఇంగ్లండులో దొరికింది. జార్జ్ డీకన్ కార్న్‌వాల్ తీరంలోని పెరన్‌పోర్త్ దగ్గర కొలిచిన అలలను లండన్ సమీపంలోని క్యూ అబ్జర్వేటరీ రికార్డులతో పోల్చాడు. నేల ఊగే వ్యవధి అలల వ్యవధిలో సగం ఉంది. అంటే అల ఒకసారి లేచి పడే లోపల నేల రెండుసార్లు ఊగుతోంది.

1950లో మైకేల్ లాంగెట్-హిగిన్స్ దీనికి పూర్తి వివరణ ఇచ్చాడు. అంతకుముందు 1944లో ఫ్రెంచి ఇంజనీరు మీష్ చేసిన గణితం ఆయనకు ఆధారమైంది. ఒకే పొడవున్న అలలు ఎదురెదురుగా వచ్చి కలిస్తే, నీరు ముందుకు సాగకుండా ఉన్నచోటనే లేచి పడుతుంది. శిఖరాలు, పల్లాలు పూర్తిగా ఏర్పడినప్పుడు నీటి మొత్తం గరిమనాభి కాస్త పైకి లేస్తుంది. ఉపరితలం చదునైనప్పుడు దిగుతుంది. ఒక్కో ఆవృత్తంలో ఇది రెండుసార్లు జరుగుతుంది. అంత నీటిని ఎత్తి దించే బలాన్ని అడుగు నేలే మోయాలి కాబట్టి ఈ ఒత్తిడి లోతుతో తరిగిపోదు. కదిలే తుపాను వెనుక భాగంలో, తీరానికి తగిలి అలలు వెనక్కి మళ్లే చోట, రెండు తుపానుల అలలు కలిసే చోట ఇలా ఎదురెదురు అలలు ఏర్పడతాయి.

1963లో క్లాస్ హాసెల్‌మన్ మరో రకాన్ని వివరించాడు. తీరం దగ్గరి లోతు తక్కువ నీటిలో అలలు సముద్రపు అడుగును నేరుగా తాకి, తమ వ్యవధితోనే నేలను ఊపుతాయి. వీటిని ప్రాథమిక సూక్ష్మకంపనాలనీ, సగం వ్యవధితో వచ్చే బలమైనవాటిని ద్వితీయ సూక్ష్మకంపనాలనీ అంటారు. వీకెర్ట్ ఊహలో తీరానికి దక్కిన చోటు ఈ విధంగా కొంత నిలిచింది. వాతావరణ మార్పులపై చేసిన కృషికి హాసెల్‌మన్ 2021లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్నాడు.

కారణం తేలకముందే దీన్ని వాడుకోవాలన్న ప్రయత్నం జరిగింది. 1940లలో అమెరికా నౌకాదళం కరీబియన్ దీవుల్లో భూకంపలేఖినులు పెట్టి హరికేన్ల జాడ పట్టాలని చూసింది. అదురు దారిలోని రాతిపొరలు దాన్ని వంచి బలహీనపరచడంతో తుపాను ఉన్న చోటును కచ్చితంగా చెప్పడం సాధ్యం కాలేదు. విమానాలు, రాడార్ మెరుగుపడ్డాక ఆ పని ఆగిపోయింది.

ఆ తర్వాత చాలాకాలం భూకంప శాస్త్రవేత్తలు దీన్ని వడకట్టి పారేయాల్సిన రొదగా చూశారు. ఈ దృష్టి 21వ శతాబ్దంలో మారింది. రెండు స్టేషన్లలో నెలల తరబడి నమోదైన రొదను పోల్చితే, వాటి మధ్య నేలలో తరంగం ప్రయాణించే వేగం తెలుస్తుందని తేలింది. 2005లో కాలిఫోర్నియా భూగర్భాన్ని ఈ పద్ధతిలోనే, భూకంపం కోసం ఎదురుచూడకుండా, పటంగా గీశారు. మరోవైపు పాత రికార్డులను తిరగేసి, ఉపగ్రహాలు లేని కాలంలో సముద్రాలు ఎంత పోటెత్తేవో అంచనా వేస్తున్నారు. 1980ల చివరి నుంచి ప్రపంచ స్టేషన్లలో ప్రాథమిక సూక్ష్మకంపనాల శక్తి మొత్తం మీద పెరుగుతోందనీ, తుపానులు, అలలు బలపడటమే ఇందుకు కారణమనీ 2023లో వెలువడిన పరిశోధన చెబుతోంది.