ఉప్పు కోసం వచ్చే ఏనుగులు

కూరలో ఉప్పు తక్కువైతే మన ఇళ్లల్లో ఎంత రాద్ధాంతం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. ఆఫ్రికా నడిబొడ్డున ఒక అడవిలో ఏనుగులు కూడా ఉప్పు కోసమే మైళ్ల కొద్దీ నడిచి వస్తాయంటే నవ్వుకుంటారేమో! నిజమేనండీ. ఆ అడవి పేరు ఓడ్జాలా. కాంగో పేరుతో రెండు దేశాలున్నాయి కదా, బ్రాజవిల్ రాజధానిగా ఉన్న కాంగోలో ఉంది ఇది.

అడవంటే మామూలు అడవి కాదు. చాలాచోట్ల మనిషెత్తున పెద్ద పెద్ద ఆకుల మొక్కలు అల్లుకుపోయి, నాలుగడుగుల అవతల ఏముందో కనపడదు. అలాంటి చోట ఉన్నట్టుండి ఆకాశం కనిపించే బురద బయలు ఒకటి వస్తుంది. దాన్ని ‘బాయి’ అంటారు. మన తెలంగాణలో బావిని బాయి అన్నట్టే! పేరు కలవడం కాకతాళీయమే అనుకోండి, అక్కడా నీళ్లుంటాయి. ఆ మట్టిలో లవణాలున్నాయి. ఏనుగులు తొండాలతో గుంటలు తవ్వుకుని ఆ ఉప్పునీళ్లు తాగుతాయి. గొరిల్లాలు వచ్చి నీటి మొక్కలు తింటాయి. ఎర్రతోక ఉన్న బూడిదరంగు చిలుకలు గుంపులు గుంపులుగా వాలతాయి. పంజరంలో పెట్టి మాటలు నేర్పించే చిలుక ఇదే.

ఫ్రెంచివారి ఏలుబడిలో, 1935లో, దీన్ని జాతీయవనంగా ప్రకటించారు. కాంగోకు స్వాతంత్ర్యం వచ్చింది 1960లో, అదీ మనలాగే ఆగస్టు 15నే. 2001లో వనాన్ని బాగా పెంచారు. ఇప్పుడు సుమారు 13,500 చదరపు కిలోమీటర్లు.

పెంచిన మరుసటేడే కష్టం వచ్చిపడింది. ఎబోలా జ్వరం! 1976లో మొదటిసారి గుర్తించిన ఆ జబ్బు మనుషులకే కాదు, గొరిల్లాలకూ సోకుతుంది. పక్కనే లోసీ అనే చోట శాస్త్రజ్ఞులు గొరిల్లాలను ఒక్కొక్కదాన్నీ ఆనవాలు పట్టి గమనిస్తూ ఉండేవారు. 2002 అక్టోబరు నుంచి 2003 జనవరి లోపల, 143 గొరిల్లాల్లో 130 కనబడకుండా పోయాయి. ఆ ప్రాంతం మొత్తం మీద 5,000 దాకా చనిపోయి ఉంటాయని 2006లో అంచనా కట్టారు. చుట్టుపక్కల పల్లెల్లో నూరుమందికి పైగా మనుషులూ పోయారు. అడవిలో చచ్చిపడిన జంతువు మాంసం తాకితే జబ్బు అంటుకుంటుంది. ఆ మాంసం ఇంటికి తెచ్చుకున్న వాళ్లను తప్పుపట్టడానికి మాత్రం నాకు మనసొప్పదు. పొయ్యి మీద ఎసరు పెట్టి కూర్చున్న ఇల్లాలికి అదొక్కటే దొరికి ఉంటుంది.

ఆడ గొరిల్లాకు సుమారు పదేళ్లు వస్తేగాని తొలికాన్పు కాదు. ఆ తరవాత నాలుగైదేళ్లకు ఒక్క బిడ్డ. నాలుగు నెలల్లో పోయిన వాటి లెక్క పూడాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీరే వేళ్లు మడిచి చూడండి.

2010లో ప్రభుత్వం ఆఫ్రికన్ పార్క్స్ అనే సంస్థతో కలిసి ఆ వనం బాగోగులు చూడడం మొదలుపెట్టింది. 2023లో యునెస్కో ఓడ్జాలాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏనుగులు మాత్రం ఆ జాబితాల సంగతి ఎరగవు. పాత దారినే వచ్చి, ఉప్పుగుంటల్లో తొండం ముంచుతున్నాయి.