పలుగురాయి నుండి అంకెల పట్టిక వరకు

బుక్కరాయసముద్రము చుట్టుపట్ల చేలలో వాన వెలిసిన తరువాత నడచినవారికి ఎఱ్ఱమట్టి నడుమ తెల్లగా మెరయు పలుగురాళ్ళు కనబడును. రైతు వాటిని ఏరి గట్టున పోయును. పిల్లలు చీకటిలో రెండు రాళ్ళను రాచి అందుండి వచ్చు వెలుగును చూచి ఆనందింతురు. ఈ రాతి జాతికే చెందిన స్వచ్ఛమైన స్ఫటికము ఇరువదవ శతాబ్దపు రేడియోకు నిలకడ నిచ్చినది. నేడు చేతిలో ఇమిడే రేడియోను కంప్యూటరుకు తీగతో తగిలించి, బ్రౌజరు కిటికీలో కొన్ని అంకెలు నింపి, కావలసిన రీతిగా సిద్ధము చేసికొనుచున్నారు. రాతిలో ఉండిన గుణము అంకెలోనికి ఎట్లు వచ్చినది? వచ్చిన తరువాత ఆ అంకెను మార్చు అధికారము ఎవరి చేతిలో ఉన్నది? ఈ రెండు ప్రశ్నలును కలిసియే నడచును.

మొదట పౌనఃపున్యము సంగతి. 1895లో కలకత్తాలో జగదీశచంద్ర బోసు విద్యుత్ స్ఫులింగముతో పుట్టించిన తరంగములను గోడల కావలకు పంపి, అచ్చట గంట మ్రోగించి, మందుపొడి పేల్చి చూపెను. ఆ పిమ్మట వచ్చిన స్ఫులింగ ప్రసారకములు సంతలో కేకవేయు మనిషి వంటివి. కేక అందరి చెవులను తాకినట్లే, ఆ ప్రసారము ఒకే మారు అనేక పౌనఃపున్యములపై పరచుకొనెడిది. పొరుగున మరియొకడు ప్రసారము చేసినచో ఇరువురి సందేశములు కలగాపులగ మగును. దీనికి విరుగుడుగా తీగచుట్టను, కండెన్సరును జతచేసిరి. తాటి పొడవును బట్టి ఊయల ఊగు కాలము ఏర్పడునట్లు, ఈ జంట పరిమాణమును బట్టి విద్యుత్తు ఒక నియతమైన పౌనఃపున్యమున ఊగును. అయితే లోహము వేడికి వ్యాకోచించును గదా! అనంతపురపు ఏప్రిలు ఎండలో ఉదయము కుదిర్చిన పౌనఃపున్యము మధ్యాహ్నమునకు జరిగిపోవును.

స్ఫటికము ఈ జరుగుడును ఆపినది. 1880లో ఫ్రాన్సు దేశమున పియరీ క్యూరీ, జాక్ క్యూరీ అను సోదరులు, కొన్ని స్ఫటికములను నొక్కినచో వాటి ముఖములపై విద్యుదావేశము పుట్టునని కనుగొనిరి. దీనికి విపర్యయము కూడ సత్యమే. విద్యుత్తును ప్రయోగించిన స్ఫటికము సూక్ష్మముగా రూపము మార్చుకొనును. 1921 ప్రాంతమున అమెరికాలో వాల్టర్ కేడీ పలుగు స్ఫటికపు పలకతో డోలకమును నియంత్రించెను. పలక ఎంత పలుచనైన పౌనఃపున్యము అంత హెచ్చు. రేడియోలలో ఎక్కువగా వాడు కోతలో 10 మెగాహెర్ట్జులకు కావలసిన పలక మందము 0.166 మిల్లీమీటరు మాత్రమే! అభిరుచితో రేడియో నడపువారు స్ఫటికపు పలకను సన్నని గరుకుపొడిపై అరగదీసి పౌనఃపున్యమును పెంచెడివారు. అరుగుట ఎక్కువైనచో పెన్సిలు గీతతో బరువు చేర్చి కొంత తగ్గించెడివారు. పౌనఃపున్యమును సవరించుట అనగా ఆ దినములలో చేతులకు మట్టి అంటు పనియే.

రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా సైనికుడు ఒంటిచేత పట్టుకొనిన ఎస్‌సీఆర్-536 రేడియో ఈ యుగమునకు చక్కని గుర్తు. అది ఒక్క ఛానలు గల యంత్రము. మరియొక ఛానలు కావలెనన్నచో విప్పి, స్ఫటికమును చుట్టలను మార్చవలసినదే. అట్టి స్ఫటికములు లక్షల కొలది కావలసి వచ్చెను. నిర్దోషమైన పలుగు అప్పుడు ముఖ్యముగా బ్రెజిలు నుండి వచ్చెడిది. మన చేలలోని రాళ్ళు పగుళ్ళతోను మలినములతోను నిండియుండుటచే ఆ పనికి చాలవు.

మన దేశములో అమెచ్యూర్ రేడియో, అనగా హామ్ రేడియో, 1921లో కలకత్తాలో అమరేంద్రచంద్ర గుప్తుతో ఆరంభమైనదని చెప్పుదురు. యుద్ధకాలమున దానిని ప్రభుత్వము నిషేధించెను. యుద్ధానంతరము మరల అనుమతించెను. చాలకాలము విదేశీ పరికరములు కొను స్తోమత మన వారికి లేకుండెను. పాత సామగ్రిని విప్పి, అతికి, పనికి తెచ్చుకొనుటే మన హాములు అభ్యసించిన విద్య. 1983లో హైదరాబాదున జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడిన పిదప తెలుగు ప్రాంతములలో ఈ విద్యకు ఒక నెలవు దొరకినది.

ఇక స్ఫటికము చోటికి అంకె వచ్చిన వైనము. 1932లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ ద బెలిసిజ్ వివరించిన దశాబంధ వలయము అను ఉపాయము, 1970ల నుండి చిన్న సిలికాన్ ముక్కలపై చవుకగా లభించెను. ఇందు ఒకే ఒక స్ఫటికము కొలబద్దగా ఉండును. మార్చుకొన వీలైన డోలకపు పౌనఃపున్యమును ఒక పూర్ణసంఖ్యచే భాగించి, వచ్చిన ఫలమును కొలబద్దతో పోల్చి, తేడా యున్నంతసేపు డోలకమును సరిదిద్దుచుందురు. విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. కొలబద్ద 12.5 కిలోహెర్ట్జులు, భాజకము 11,600. రెంటిని గుణించిన 1,45,000 కిలోహెర్ట్జులు, అనగా 145 మెగాహెర్ట్జులు వచ్చును. భాజకమును 11,601 చేసినచో రేడియో 145.0125 మెగాహెర్ట్జులకు తరలును. అరుగదీయుట లేదు, విప్పుట లేదు. ఒక్క అంకె మారినది, అంతే. ఆ అంకెను గుర్తుంచుకొను జ్ఞాపకపు ముక్కయు, మార్చు సూక్ష్మ కంప్యూటరును చేరగానే రేడియో సగము లెక్కల యంత్రమైనది.

ఈ మార్పులన్నియు హైదరాబాదులోనే ఒక వ్యక్తి రూపకల్పనలలో వరుసగా చూడనగును. అష్హర్ ఫర్హాన్ 2003-04 ప్రాంతమున బిట్‌ఎక్స్-20 అను ప్రసార గ్రాహకమును రూపొందించి, దాని పటమును అందరికి ఉచితముగా వెల్లడించెను. విదేశములలో సులభముగా దొరకు కోరులకు బదులు, కుళాయిలో వాడు వాషరుపై తీగ చుట్టి పని జరిపెను! మన అంగళ్ళలో లభించు సామగ్రితో నడవవలెనన్నదే ఆయన పట్టు. అందు పౌనఃపున్యమును చుట్ట, కండెన్సరు నిర్ణయించెడివి. కనుక ఎండ బాధ తప్పలేదు. తరువాతి బిట్‌ఎక్స్-40కు ఆర్డువినో అను చిన్న కంప్యూటరును, అంకెలతో తరంగము పుట్టించు సిలికాన్ ముక్కను జతచేసిరి. ఆ పలకలను హైదరాబాదులోని మహిళల బృందము తయారుచేసెను. 2017 చివర వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్‌లో 3 నుండి 30 మెగాహెర్ట్జుల వరకు పౌనఃపున్యములన్నియు ప్రోగ్రాము అధీనమే. ఆ ప్రోగ్రామును ఎవరైనను చదివి మార్చుకొనవచ్చును. ఆపై వచ్చిన ఎస్‌బిట్‌ఎక్స్‌ను ఫోనులోని బ్రౌజరు నుండియే నడపవచ్చును. కుళాయి వాషరు నుండి బ్రౌజరు వరకు రెండు దశాబ్దములు. మన పాఠ్యపుస్తకములలో ఈ కథకు ఒక పుట దొరకినచో బాగుండునని నా అభిప్రాయము.

పైన చెప్పినవి హ్రస్వతరంగములపై దూరదేశములతో మాటలాడు యంత్రములు. చేతిరేడియో సంగతి వేరు. దాని తరంగములు ఇంచుమించు చూపుమేరనే పోవును. మనిషి చేతియెత్తు ఒకటిన్నర మీటరు అనుకొనినచో, బయలు ప్రదేశమున రేడియో దిగంతము 5 కిలోమీటర్లు; ఇరువురు అట్లే నిలిచినచో కలిసి 10 కిలోమీటర్లు. బుక్కరాయసముద్రము చెరువుకట్ట నుండి అనంతపురమునకు మాట అందును. ధర్మవరమునకు అందుట కష్టము. ఆ పైన పోవలెనన్న కొండపై నున్న పునఃప్రసారకము సాయము కావలెను. అది ఒక పౌనఃపున్యమున విని, మరియొక పౌనఃపున్యమున తిరిగి పలుకును.

అంకెల రేడియోలో మాట కూడ అంకెలుగా మారును. సాధారణ అంకెల టెలిఫోనులో సెకనుకు 64,000 ద్విసంఖ్యాంకములు ఒక గొంతును మోయగా, డీఎంఆర్ అను పద్ధతిలో 2,450 చాలును. 2005లో ఐరోపా ప్రమాణ సంస్థ ప్రకటించిన ఈ పద్ధతిలో 12.5 కిలోహెర్ట్జుల వెడల్పు గల ఒకే ఛానలుపై రెండు సంభాషణలు నడచును. ఎట్లన్నచో, మన చెరువు సామ్యము ఇచ్చట సరిగా కుదురును. విజయనగర రాజు బుక్కరాయల కాలమున పండమేరుకు అడ్డముగా కట్టినదని చెప్పు ఈ చెరువు క్రింద, నీరు చాలని ఏట నీరుగంటి ఒకే కాలువను వంతులవారీగా వదలును. ఈ పూట ఈ మడికి, ఆ పూట ఆ మడికి. ఛానలు అన్న మాటకు కాలువ అనియే గదా అర్థము! డీఎంఆర్‌లో ఒక్కొక్క వంతు 30 మిల్లీసెకనులు. ఒక సంభాషణకు సెకనుకు పదునారు, పదునేడు వంతులు దొరకును. వంతు వంతుకు నడుమనున్న ఖాళీ చెవికి తెలియదు, ఏలయన 60 మిల్లీసెకనుల మాటను నలిపి 30 మిల్లీసెకనులలో పంపుదురు.

ఈ ఏర్పాటు పనిచేయవలెనన్న చేతిరేడియోకు చాల సంగతులు ముందుగా తెలియవలెను. వినవలసిన పౌనఃపున్యము, పలుకవలసిన పౌనఃపున్యము, మొదటి వంతా రెండవ వంతా, 0 నుండి 15 వరకు గల వర్ణసంఖ్యలలో పునఃప్రసారకమునకు చెందినది ఏది, ఏ సంభాషణ బృందము, పలుకువాని గుర్తింపు సంఖ్య ఏది. ఇందు ఒక్కటి తప్పినను రేడియో మూగవోవును. దీపము వెలుగును, మీట పనిచేయును, మాట మాత్రము చేరదు. క్రొత్తవారు యంత్రము చెడినదని తలచుట ఇందువల్లనే. ఈ సంగతుల పట్టికను కోడ్‌ప్లగ్ అందురు. పూర్వము మోటరోలా రేడియోలలో ఇట్టి వివరములు విడిగా గ్రుచ్చు ముక్కలో ఉండెడివి. ముక్క పోయినను పేరు నిలిచినది.

అధికారము ప్రశ్న ఇచ్చటనే తలెత్తినది. పట్టిక నింపు ప్రోగ్రామును ప్రతి తయారీదారు తనకు తోచినట్లు, తరచు విండోస్ కంప్యూటరుకు మాత్రమే వ్రాసెను. కంప్యూటరు కూర్పు మారినచో తీగను గుర్తించు ప్రోగ్రాము పనిచేయదు. తయారీదారు ఆ నమూనాను వదలివేసినచో రేడియో మంచిగనే ఉండి నిరుపయోగ మగును. తన చేతులతో స్ఫటికమును అరగదీసిన హాము, తన రేడియోలోని అంకెను తాను మార్చలేని స్థితికి వచ్చెను. దీనిని పలువురు సహింపలేదు. సాధారణ రేడియోల పట్టికలను ఒకే ప్రోగ్రాముతో నింపుటకు అమెరికాలో డాన్ స్మిత్ చర్ప్ అను ఉచిత సాధనమును ఆరంభించెను. ట్రావిస్ గుడ్‌స్పీడ్ తదితరులు టీవైటీ ఎండీ-380 అను డీఎంఆర్ చేతిరేడియో లోపలి ప్రోగ్రామును విప్పిచూచి, ఆ వివరములను 2016లో ప్రచురించిరి. మాటను నలుపు సూత్రము మాత్రము పేటెంటు గల వస్తువుగనే నిలిచెను. దానికి బదులుగా ఆస్ట్రేలియాలో డేవిడ్ రోవ్ కోడెక్-2ను రూపొందింపగా, 2019లో పోలండున మొదలైన ఎం17 పద్ధతి దానినే స్వీకరించెను.

బ్రౌజరు ఈ వరుసలో ఇటీవలి మెట్టు. 2021 మార్చిలో క్రోమ్ బ్రౌజరు 89వ కూర్పు, వెబ్ సీరియల్ అను సదుపాయముతో వచ్చెను. దానివలన ఒక పుటలోని ప్రోగ్రాము, వాడుకరి అనుమతితో, తీగ కావలనున్న యంత్రముతో నేరుగా అంకెలు ఇచ్చిపుచ్చుకొనగలదు. పుట తనంత తాను రేడియోను తాకలేదు. తీగను ఎన్నుకొనుమని బ్రౌజరు అడుగును, మనము ఎన్నుకొనవలెను. ప్రోగ్రామును కంప్యూటరులో స్థాపింప నక్కరలేదు కనుక, పాఠశాల కంప్యూటరు విండోస్‌దైనను లినక్స్‌దైనను ఒకటే. అయితే పుటను నడపువారు దానిని మూసివేసినచో ఏమగును? మూలప్రతి బహిరంగమైనచో ఎవరైనను దానిని దించుకొని నడుపుకొందురు. కానిచో పాత కష్టము క్రొత్త వేషమున వచ్చినట్లే. బ్రౌజరు అయినంతమాత్రమున స్వేచ్ఛ వచ్చినదని నేను నమ్మను. ఫర్హాన్ పటములవలె, పుట లోపలిదియు తెరచియుండవలెను.

ఈ స్వేచ్ఛ కేవలము వినోదమునకు కాదు. 2004 డిసెంబరులో హైదరాబాదు సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము అభిరుచి ప్రసారములకై పోర్టుబ్లెయిరు చేరియుండెను. 26వ తేది ఉదయము భూకంపము, సునామీ వచ్చి టెలిఫోను సంబంధములు తెగిపోగా, ఆ రేడియోయే అండమాను వార్తలను ప్రధాన భూభాగమునకు చేర్చెను. ముందుగా అనుకొనని చోట, అనుకొనని పనికి రేడియోను సిద్ధపరుప వలసివచ్చినప్పుడు, పట్టిక మార్చుటకు దూరపు పట్టణములోని అంగడి తెరచువరకు ఎదురుచూచుట కుదరదు.

చట్టమును గూర్చి ఉపాధ్యాయులు విద్యార్థులకు గట్టిగా చెప్పవలెను. విపణిలో దొరకు చేతిరేడియోలు పెక్కు 136 నుండి 174, 400 నుండి 480 మెగాహెర్ట్జుల వరకు పలుకగలవు. మన హాములకు ఆ ప్రాంతమున కేటాయించినవి 144 నుండి 146, 434 నుండి 438 మాత్రమే. మిగిలినవి పోలీసు మున్నగు ఇతర సేవలవి. స్ఫటికపు రేడియో పొరపాటున పొరుగు కాలువకు పోలేదు. అంకెల రేడియో ఒక్క అంకె తప్పుగా నొక్కినచో పోవును. అప్పుడు బాధ్యత యంత్రముది కాదు, లైసెన్సు గలవానిదే. 1978 నాటి అమెచ్యూర్ నియమావళి క్రింద 12 ఏండ్లు నిండిన విద్యార్థియు పరీక్ష వ్రాసి లైసెన్సు పొందు మార్గము ఏర్పడెను. రేడియో కొనుటకు ముందు లైసెన్సు ఉండవలెను. ఆ పిమ్మటనే 404తో మొదలగు ఏడంకెల డీఎంఆర్ గుర్తింపు సంఖ్యను కోరవలెను.

లైసెన్సు వచ్చి, రేడియో చేతికి వచ్చి, తీగ తగిలించిన తరువాత ఆచరింపవలసిన క్రమము చిన్నది. ముందుగా చదువు మీట నొక్కి, రేడియోలో ఇదివరకే యున్న పట్టికను కంప్యూటరులోనికి తెచ్చి, దానిని మార్పక ఒక ప్రతి దాచవలెను. రెండవ ప్రతిలో ఒక్క ఛానలును మాత్రమే నింపి, వ్రాయు మీట నొక్కవలెను. వ్రాయుచుండగా తీగ ఊడినచో పట్టిక సగములో ఆగును. అప్పుడు దాచిన ప్రతియే ఆదుకొనును. రేడియోను ఆపి మరల వెలిగించి, మొదట వినవలెను. పునఃప్రసారకపు వర్ణసంఖ్య సరిపోయినచో అవతలివారి మాట స్పష్టముగా వినబడును. సరిపోనిచో మొదటి ప్రతిని తెరచి రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టి, వరుస వరుసగా అంకెలు పోల్చిచూడవలెను.