ఎర్ర చుక్క, తెల్ల పొగ

శ్రీహరికోట పక్కనున్న మా సూళ్లూరుపేటలో తారీఖులు కూడా రాకెట్లతోనే గుర్తుంటాయి. అక్టోబరు 9 అలాంటిదే. 1971లో ఆ రోజే శ్రీహరికోట నుంచి తొలి రోహిణి-125 సౌండింగ్ రాకెట్ ఎగిరింది. దానికి సరిగ్గా తొమ్మిదేళ్ల ముందు, 1962 అక్టోబరు 9న, అమెరికాలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్ర ఎల్ఈడీని వెలిగించి చూపించాడు. ఈ రెంటికీ చుట్టరికం ఏమీ లేదు. అయినా ఆదివారం పూట ఇంతకంటే ఏం కావాలి?

అంతకు ముందరి వెలుగుల చరిత్ర మా వైపు గబగబా తేలిపోతుంది. చెంగాళమ్మ గుళ్లో దీపం, పులికాట్ మీద పడవ లాంతరు, ఆపైన కరెంటు. 1993లో జపాన్‌లో నకమురా మిరుమిట్లు గొలిపే నీలం ఎల్ఈడీ సాధించాడు. ఎరుపు, పచ్చ, నీలం కలిపితే దాదాపు ఏ రంగైనా వచ్చేస్తుంది. 2005లో ఇటలీలో ఆర్డుయినో బోర్డు పుట్టింది. ఇంజనీరు కానివాడు కూడా నాలుగు లైన్ల కోడు రాసి బల్బును ఆడించే రోజులు వచ్చాయి. (ఆ పేరు ఒక బారుది. పిల్లలకు చెప్పక్కర్లేదు.)

నేనూ ఇంజనీరు కాని ఆ బాపతే. చీకటి పడగానే వెలిగే దీపమొకటి మిద్దె మీదికి చేశాను. వెలుతురును పసిగట్టే ఎల్‌డీఆర్, రంగులు మార్చే ఎల్ఈడీ, దాని ఒక్కో రంగు కాలికి 220 ఓమ్‌ల రెసిస్టర్. పొద్దు గూకింది, వెలిగింది. ఆ వెంటనే ఆరింది. మళ్లీ వెలిగింది. తన వెలుగును తనే చూసి తెల్లారిందనుకుంటోంది పిచ్చిది! మధ్యలో అట్టముక్క అడ్డం పెడితే గానీ కుదురుకోలేదు.

ఆ అట్టముక్కను చూసినప్పుడల్లా నాకు 2022 ఆగస్టు 7 గుర్తొస్తుంది. అదీ ఆదివారమే. ఉదయం 9 గంటల 18 నిమిషాలకు ఎస్ఎస్ఎల్‌వీ అనే రాకెట్ మొదటిసారి లేచింది. అందులో ఆజాదీశాట్ అనే ఎనిమిది కిలోల బుల్లి ఉపగ్రహం. దేశంలోని 75 పాఠశాలల నుంచి 750 మంది ఆడపిల్లలు తలో చెయ్యి వేసి చేసిన 75 చిన్న పరికరాలు దాని పొట్టలో ఉన్నాయి. ఒక్కోటీ దాదాపు 50 గ్రాములు. స్వాతంత్ర్యం 75వ ఏడు కాబట్టి ఆ లెక్క. రాకెట్ నిప్పులు కక్కుతూ బాగానే పోయింది. చెడగొట్టింది మటుకు ఒక ఊపు. రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన అదురుకు త్వరణాన్ని కొలిచే సెన్సర్లు కాసేపు ఉక్కిరిబిక్కిరయ్యాయి. ఆ మాత్రానికే సాఫ్ట్‌వేర్ అవన్నీ చెడిపోయాయని తీర్పిచ్చేసి, వాటి మాట వినడం మానేసింది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సిన ఉపగ్రహం ఒక పక్క 76 కిలోమీటర్లకు దిగే కక్ష్యలో పడింది. ఇక నిలుస్తుందా!

నా దీపానిదీ అదే జబ్బు. సెన్సర్ తప్పేం లేదు, దాని మాటకు అర్థం చెప్పుకున్న కోడుదే తొందర. రాకెట్‌కు అట్టముక్కతో సరిపోదు కనుక దశలు విడిపోయే అమరికనే మార్చారు, కోడునూ దిద్దారు. 2023 ఫిబ్రవరి 10న, మళ్లీ 9 గంటల 18 నిమిషాలకే, ఆజాదీశాట్-2 450 కిలోమీటర్ల కక్ష్యలోకి చేరింది.

ఆ తర్వాతి కథ ఒక దారిన పోదు. పిల్లలు ఇలాంటివి చేసి చూడటానికి నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులు కొన్ని బళ్లలో కళకళలాడుతున్నాయి, కొన్నిచోట్ల బీరువా తాళం కిందున్నాయి. రంగుల ఎల్ఈడీ స్ట్రిప్పు మీటర్ల లెక్కన దొరుకుతోంది. కోడు ఫోనే రాసిపెడుతోంది.

నా దీపం మాత్రం అట్టముక్కతోనే నడుస్తోంది. ఈసారి రాత్రిపూట రాకెట్ వదిలినప్పుడు దాన్ని తూర్పుకు తిప్పి పెట్టాలి. తెల్లారిందనుకుంటుందేమో చూద్దాం.