పడిన రోజు ఏ కాలమ్‌లో రాయాలి? కోవిడ్ కాలంలో చేజర్ల సీమ వృద్ధుల తుంటి ఫ్రాక్చర్లు

కోవిడ్ కాలంలో తుంటి విరిగిన వృద్ధుల మీద మన వైద్య పత్రికల్లో వచ్చిన వ్యాసాలు చదివినప్పుడల్లా చిరాకు కలుగుతుంది. వాటిలో రోగి పుట్టేదే ఆస్పత్రి గేటు దగ్గర. అంతకుముందు ఆ మనిషి ఎక్కడ పడింది, ఎన్నాళ్లు మంచంలో ఉంది, కాలికి ఎవరు కట్టు కట్టారు అన్న సంగతులు ఆ పట్టికల్లో కనిపించవు. చేర్చుకున్న గంట నుంచి ఆపరేషన్ గంట దాకా లెక్కగట్టి దాన్నే జాప్యం అంటారు. చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి ఊళ్లలో తిరిగినవాళ్లకు మాత్రం అసలు జాప్యం ఆ గేటు దాటకముందే అయిపోయిందని తెలుసు. చేజర్ల అంటే పల్నాటి కపోతేశ్వరాలయం ఉన్న ఊరనుకునేవారికి ఒక మాట: ఇది పెన్నకు దక్షిణాన ఉన్న నెల్లూరు జిల్లా మండల కేంద్రం. రాళ్ల మీద శాసనాలు వెతికేవారు ఇటు పెద్దగా రారు, ఎముకల మీద వ్యాసాలు రాసేవారు అసలే రారు.

ఈ ధోరణికి ఒక నమూనా 2020లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన 'ఇంపాక్ట్-స్కాట్' నివేదిక. తుంటి విరిగిన 317 మందిని చూసి, వారిలో కోవిడ్ ఉన్న 27 మందిని వేరుచేసి, నెల తిరిగేసరికి బతికి ఉన్నవారు కోవిడ్ ఉన్నవారిలో 65 శాతం లోపు, లేనివారిలో దాదాపు 92 శాతం అని తేల్చింది. అదే ఏడాది న్యూయార్క్ నుంచి ఈగల్ బృందం ఇచ్చిన లెక్కలూ ఇంచుమించు ఇదే దారిలో నడిచాయి. ఆ అంకెలతో నాకు పేచీ లేదు. ఆ పద్ధతిని మనవాళ్లు ఎత్తుకొచ్చిన తీరుతోనే నా పేచీ అంతా. స్కాట్లాండ్‌లో తుంటి విరిగిన ముసలమ్మ దాదాపు ప్రతిసారీ ఆస్పత్రికే చేరుతుంది. కాబట్టి అక్కడ ఆస్పత్రి రిజిస్టరు చూస్తే సమాజాన్ని చూసినట్టే. మన దగ్గర రిజిస్టరులో ఉండేది చేరగలిగినవాళ్లు మాత్రమే. ఈ తేడాను పక్కకు నెట్టి, లాక్‌డౌన్‌లో తుంటి కేసులు తగ్గాయి గనుక ముసలివాళ్లు ఇల్లు కదలక పడలేదని అనుకోవడం ఎంత తేలిక! ఇల్లు కదలకపోతే తగ్గేవి రోడ్డు ప్రమాదాలు. తుంటి విరిగేది గడప దగ్గర, తడిసిన బాత్‌రూము బండ మీద, రాత్రిపూట దొడ్లోకి పోయే దారిలో.

పడటానికి కారణాలు లాక్‌డౌన్‌లో తగ్గకపోగా పెరిగాయనే నేననుకుంటాను. అవ్వాతాతల కోసం కంటి వెలుగు మూడో విడత 2020 ఫిబ్రవరి 18న కర్నూలులో మొదలైంది, కొద్ది వారాలకే మహమ్మారి దాన్ని ఆపేసింది. శుక్లాల ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. కంటి మసకకూ రాత్రి పడటానికీ ఉన్న సంబంధం ఇక్కడి చదువరులకు కొత్త కాదు. ఎముక సంగతి సరేసరి. ఎండకు కొదవలేని మన పల్లెల్లోనూ విటమిన్ డి, కాల్షియం ఎంత తక్కువో తిరుపతిలో హరినారాయణ బృందం 2007 నాటికే చూపించింది.

ఇక కట్టు సంగతి. నేను మాట్లాడిన ఇళ్లలో మొదట వినిపించిన మాట పుత్తూరు. పుత్తూరు దగ్గర రాజుల కుటుంబాలు తరతరాలుగా కడుతున్న కట్టు గురించి ఈ సీమలో తెలియనివారు లేరు. నూరిన ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. మణికట్టుకో, ముంజేతికో, పిల్లల కాలికో ఈ కట్టు పనిచేయడం జనం కళ్లారా చూశారు. తుంటి విషయంలో దాని పేరు ఎందుకు నిలిచిందన్నది మాత్రం వైద్యులు వివరించకుండా వెక్కిరించి వదిలేసిన ప్రశ్న. తొడ ఎముక పైభాగాన ఎక్కువగా రెండు చోట్లలో ఒకచోట విరుగుతుంది. మెడ దగ్గర, కీలు తిత్తి లోపల విరిగితే ఎముక పైకొసన ఉన్న బంతికి పోయే రక్తం ఆగిపోతుంది, ఎముక అతకడం కష్టం. దాని దిగువన, ట్రోకాంటర్ దగ్గర విరిగితే రక్తం బాగా అందే చోటు కాబట్టి ఏ కట్టూ లేకున్నా మూడు నెలలు మంచాన ఉంటే వంకరగానైనా అతుకుతుంది. కాలు పొట్టిదవుతుంది, పాదం బయటికి తిరుగుతుంది, కానీ అవ్వ కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది. ఊరు చూసేది ఆ నాలుగడుగులనే. మూడు నెలలు గడవకముందే న్యుమోనియాతోనో, పుండ్లు చీముపట్టో, కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తికి చేరో పోయినవాళ్ల చావును ఊరు కట్టు ఖాతాలో వేయదు. వయసైపోయింది అంటుంది. బతికినవాళ్లు కట్టుకు సాక్షులు, పోయినవాళ్లు వయసుకు సాక్షులు. నిజానికి తుంటికి బయటి కట్టు పట్టనే పట్టదు. నడుమునూ తొడనూ కలిపి కదలకుండా చేయడం వెదురు బద్దల వల్ల అయ్యే పని కాదు.

లాక్‌డౌన్ ఈ పుత్తూరు దారిని కూడా మూసేసింది. ఆర్టీసీ బస్సులు 2020 మే 21న గానీ మళ్లీ కదల్లేదు. నెల్లూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా పుత్తూరు పోవడం అప్పుడు కలలో మాట. అటు నెల్లూరు పెద్దాసుపత్రి రాష్ట్ర స్థాయి కోవిడ్ ఆస్పత్రుల్లో ఒకటైంది. రాష్ట్రంలో తొలి కేసు 2020 మార్చిలో బయటపడింది కూడా ఈ నెల్లూరులోనే. చేజర్ల మండలం ఆదూరుపల్లి వైపు ఒక కోడలు చెప్పిన మాటల్ని ఉన్నవున్నట్టే రాసుకున్నాను: "యాడికి తీసకపొయ్యేది సార్? ఆస్పత్రికి పోతే కరోనా అంటుకుంటదన్నారు. మత్తుకు మా అత్త తట్టుకోలేదన్నారు. కాలు పోతే పోయింది, మనిషన్నా మిగల్తదని మంచంలోనే పెట్టుకున్నాం." మత్తుకు తట్టుకోదన్నది ఎవరని అడిగితే అందరూ అన్నారంది. ఈ ఒక్క వాక్యంలో రిజిస్టరు చెప్పలేని సంగతి ఉంది: ఆపరేషన్ వద్దన్న నిర్ణయం డాక్టరు నోట రాకముందే ఇంట్లో జరిగిపోయింది. నడుము దిగువకే మత్తిచ్చి ఈ ఆపరేషన్ చేయవచ్చన్న సంగతి ఆ గుమ్మం దాకా రాలేదు.

దారి లేకే పోలేదని వాదించేవారికి కృష్ణపట్నం చూపిస్తాను. 2021 మే 5 నుంచి రాష్ట్రమంతటా మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. ఆ నెలలోనే కోవిడ్‌కు ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం వేలమంది అదే జిల్లాలోని కృష్ణపట్నానికి చేరారు, అంబులెన్సుల్లో కూడా వచ్చారు. నమ్మకం కుదిరితే దారి దానంతటదే దొరికింది. ఊపిరాడని కొడుకును కారు మాట్లాడుకుని తీసుకుపోతారు. తుంటి విరిగిన తల్లిని బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టలేరు, పడుకోబెట్టే బండి కావాలి, వెంట ఒక మనిషి ఉండిపోవాలి, కూలి పోవాలి. అప్పటి ఆరోగ్యశ్రీ ఆపరేషన్‌కు డబ్బిచ్చేది, ఆ మనిషి కూలికి ఇచ్చేది కాదు. 2020 జూలై 1న 108, 104 కింద కొత్తగా 1,088 వాహనాలు రోడ్డెక్కిన మాట నిజమే. అయినా ఆ కరువు కాలంలో ప్రతి ఇల్లూ ఎవరి ప్రయాణం ముందు అన్న లెక్క వేసుకుంది, ఆ లెక్కలో అవ్వ ఆఖరున ఉంది. తుంటి విరగడం పశ్చిమ నెల్లూరులో ఎముక జబ్బు కన్నా ఇంటి పంపకాల జబ్బు అని నేనంటాను. మహమ్మారి దాన్ని కొత్తగా తేలేదు.

ఆస్పత్రిలో గంటలు తగ్గిస్తే ప్రాణాలు నిలుస్తాయా అంటే, 17 దేశాల్లో 2,970 మందితో జరిగిన 'హిప్ అటాక్' ప్రయోగం (2020) మరణాల్లో తేడా చూపలేదు. అది ఆస్పత్రికి చేరి, ఫ్రాక్చర్ అని తేలినవాళ్ల గడియారం; ఇంట్లో మంచం మీద గడిచిన రోజులు అందులో లేవు.

ఫ్లోరైడ్ మాట ఎత్తకుండా ఈ సీమ ఎముకల గురించి రాయడం కుదరదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో షార్ట్ బృందం నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఆ జిల్లాలో అప్పుడు పొదిలి, దర్శి, కనిగిరి కూడా ఉండేవి, 1970లో అవి ప్రకాశంలోకి పోయాయి. దాంతో పరిశోధకుల చూపు కూడా అటే పోయి, ఉదయగిరి మెట్ట బోరునీళ్లు వెనకబడ్డాయి. ఫ్లోరైడ్ ఎముకను గట్టిపరుస్తుందన్నది పాత నమ్మకం. 1990లో రిగ్స్ ప్రయోగం ఆ నమ్మకాన్ని తిప్పికొట్టింది. సోడియం ఫ్లోరైడ్ తీసుకున్న స్త్రీల వెన్నులో సాంద్రత నాలుగేళ్లలో 35 శాతం పెరిగింది, వెన్ను కాని ఎముకలు మాత్రం ఎక్కువగా విరిగాయి. చైనాలో లీ బృందం 2001లో, నీటిలో లీటరుకు నాలుగు మిల్లీగ్రాములు దాటిన ఊళ్లలో తుంటి ఫ్రాక్చర్లు పెరిగినట్టు చూసింది. కాబట్టి ఉదయగిరి వైపు అవ్వల ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపించినా పెళుసుదే కావచ్చు. చేజర్ల పెన్న పక్కది, దాని నీళ్లు వేరు. అయినా రెండు చోట్లా కథ ఒకేలా నడవడం నన్ను ఇంటి పంపకాల వైపే తోస్తుంది.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. 2020 ఫిబ్రవరి నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన వలంటీరు పింఛను పట్టుకుని తలుపు దగ్గరకు వచ్చాడు. ఇప్పుడు సచివాలయ సిబ్బంది వస్తున్నారు. పోయిన నెల అరుగు మీద కూర్చుని డబ్బు తీసుకున్న అవ్వ ఈ నెల మంచం మీద నుంచి వేలిముద్ర వేస్తే, పడింది ఆ రెండు తేదీల మధ్యే. ఆ సంగతి వాళ్లకు తెలుసు, రాసే గడి మాత్రం లేదు. ఎముకల వార్డు కేసుషీటులో 'చేరిన తేదీ' పక్కన 'పడిన తేదీ', 'ముందు కట్టు కట్టారా' అన్న రెండు గడులు, పింఛను జాబితాలో 'మంచాన పడిన నెల' అన్న ఒక గడి కావాలి. ఈ రెండు జాబితాలను మండలాల వారీగా కలిపి చూస్తే, రిజిస్టరుకు ఎక్కనివాళ్లు ఎందరో తేలుతుంది. ఉదయగిరి, చేజర్లలను పక్కపక్కన పెట్టి, ఇందాక నీళ్లను వెనక్కి నెట్టి ఇంటిని ముందుకు తెచ్చిన నా మాట నిలుస్తుందో లేదో కూడా చూడవచ్చు.