దక్షిణ ఇటలీలో ముసుగు ధరించిన విషాదం

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో దక్షిణ ఇటలీలోని గ్రీకు నగరాల ప్రజలు ఏథెన్సు విషాద నాటకాలను, ముఖ్యంగా యురిపిడీస్ రచనలను, ఎంతగా ఆదరించారో వాటికి పరిహాసరూపమైన హాస్యనాటకాలనూ అంతగానే ఆదరించారు. ఈ నాటకాలలో నటులు వికృతాకృతి గల ముసుగులు ధరించి, పొట్ట, పిరుదులు ఉబ్బెత్తుగా కనబడేలా దుస్తుల లోపల మెత్తలు కట్టుకొని, వీరులనూ దేవతలనూ సైతం అదే వేషంలో చూపేవారు.

ఇందుకు అత్యంత విలువైన సాక్ష్యం ప్రస్తుతం జర్మనీలోని వుర్జ్‌బుర్గ్‌లో ఉన్న, అపూలియా ప్రాంతపు కుండ. యురిపిడీస్ క్రీస్తుపూర్వం 438లో ప్రదర్శించిన నాటకంలో వీరుడు టెలిఫస్ పసివాడైన ఒరెస్టిస్‌ను పట్టుకొని బలిపీఠాన్ని ఆశ్రయిస్తాడు. క్రీస్తుపూర్వం 411లో ఏథెన్సు హాస్యనాటకకర్త అరిస్టోఫనీస్ ఆ ఘట్టాన్ని అనుకరిస్తూ, స్త్రీవేషంలోని పురుషుడి చేతికి బిడ్డకు బదులు చిన్న చెప్పులు తొడిగిన ద్రాక్షసారా తోలుతిత్తిని ఇచ్చాడు. తిత్తిని పొడిస్తే కారబోయే సారాను పట్టడానికి పాత్రతో పరుగెత్తే స్త్రీతో సహా ఆ దృశ్యమంతా కుండపై ఉన్నందున, ఏథెన్సు హాస్యనాటకాలు ఇటలీలోనూ ప్రదర్శితమయ్యాయని ఆలివర్ టాప్లిన్ వంటి పండితులు వాదించారు. ఈ వాదం బలమైనదే. పేస్టం చిత్రకారుడు అస్టియాస్ మరింత సాహసించాడు: ట్రాయ్ కథలో కసాండ్రాను ఈడ్చుకుపోయే అజాక్స్, అతని చిత్రంలో ఆమె చేతికే చిక్కి, భయంతో ఎథీనా విగ్రహాన్ని పట్టుకొని వేలాడతాడు.

క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో టరెంటమ్‌కు చెందిన రింథన్ ఈ సంప్రదాయానికి సాహిత్యరూపమిచ్చాడు. ‘హిలరోట్రాగోడియా’, అంటే ఉల్లాస విషాదం, అనే పేరు పొందిన నాటకాలు 38 అతనివని చెబుతారు. వాటిలో చిన్న శకలాలే మిగిలాయి. అతని కీర్తిని నిలుపుతూ సమాధి పద్యం రాసినది లోక్రి నగర కవయిత్రి నోసిస్.